రెండేళ్ళ కాగితం

మా హార్స్‌బీలో మగవాళ్ళు ఏ పని చేసి బతికినా, దాని పక్కన ఇంకో ఉద్యోగం కూడా చేస్తుంటారు. మా రగ్బీ క్లబ్బు ఎవరిని తెచ్చుకోవాలి, ఎవరిని సాగనంపాలి, ఎవరికి ఎన్నేళ్ళకి ఒప్పందం కాగితం రాసివ్వాలి అన్నది తేల్చే ఉద్యోగం. దానికి జీతమూ లేదు, సెలవూ లేదు. మా ఆయన మాల్కమ్ ముప్ఫై నాలుగేళ్ళు బస్సు నడిపి రిటైరయ్యాడు గాని, ఈ ఉద్యోగం మాత్రం వదల్లేదు.

ఆ ఏడాది ఫిబ్రవరిలో, టోంగా దీవుల నుంచి సెమిసి అనే ఆటగాణ్ణి ఒక సీజన్‌కి తీసుకున్నామని క్లబ్బు ప్రకటించింది. ఆ శనివారం మధ్యాహ్నం క్లబ్బు బార్‌లో నేను లాటరీ టిక్కెట్లు అమ్ముతున్నాను. మా ఆయనా, ఆయన చిన్ననాటి స్నేహితుడు గోర్డనూ అప్పటికే గొంతులు పెంచారు. గోర్డన్ ఒకప్పుడు మాంసం కొట్టు నడిపేవాడు. ఇప్పటికీ ఆటగాళ్ళని బరువు చూసే అంచనా కడతాడు.

"ఇంకో ప్రాప్ ఎందుకురా మనకి?" అంటున్నాడు మా ఆయన. "ముందు నిలబడి ఢీకొట్టే ఎద్దులు ఇప్పటికే అయిదున్నాయి. బండి తోలేవాడు లేడు గాని, మళ్ళీ ఎద్దునే కొనుక్కొచ్చారు."

"ఆ అయిదింట్లో రెండు కుంటివి. ఒకటి ముసలిది."

"వీడు మాత్రం దూడా? ముప్ఫై ఒక్కేళ్ళు. అక్కడ ఆస్ట్రేలియాలో ఆ కీన్ కుర్రాడున్నాడు, ఇరవై మూడేళ్ళు. వాడొచ్చి మధ్యలో నిలబడి ఆట నడిపితే, వచ్చే ఏడాదికి మనం పై డివిజన్‌లో ఉంటాం. రాసిస్తా కావాలంటే."

"నూట ఇరవై కిలోలున్నాడట ఈ టోంగావాడు. ఎముక తీసేసినా తొంభై తూగుతాడు."

"తూకానికి కొనడానికి ఇది నీ కొట్టు కాదు."

ఆలు లేదు చూలు లేదు అన్నట్టు, ఇంకా ఊళ్ళో అడుగైనా పెట్టని మనిషి మోకాళ్ళ గురించి వీళ్ళిద్దరూ గంటసేపు కొట్టుకున్నారు. నిజానికి వాళ్ళ మాటకి కొంత విలువ లేకపోలేదు. వారం వారం మా అభిమానులు వేసుకునే చందాలతోనే ప్రతి ఏడాదీ ఒక పరదేశపు ఆటగాడి జీతం గడుస్తుంది. అందుకని వచ్చే ఏడాదికి ఎవరిని పెట్టుకోవాలో జూలై ఆఖరి ఆదివారం మేమంతా బార్‌లో చేరి, చేతులెత్తి తేలుస్తాం.

అప్పుడే క్లబ్బు ఛైర్మన్ ఫియరన్ నా బల్ల దగ్గరకొచ్చాడు. బయటి నుంచి వచ్చిన ఆటగాణ్ణి మొదటి సీజన్ అభిమానుల్లో ఎవరో ఒకరింట్లో ఉంచడం మా ఆనవాయితీ.

"లినెట్, మీ అబ్బాయి గది ఖాళీయేగా?"

"ఖాళీయే. మంచం పొడుగు చాలుతుందో లేదో."

"చాలకపోతే కాళ్ళు కిటికీలో పెట్టుకుంటాడు. సరేనా మరి?"

సరే అన్నాను. మా ఆయన్ని అడగలేదు. అడిగితే వాదన మొదలవుతుంది, అది తేలేసరికి సీజన్ అయిపోతుంది.

"వాడు మనింట్లోనా?" అన్నాడు మా ఆయన, విన్నాక. "వద్దని ఊరంతా చాటింది నేను. ఇప్పుడు పొద్దున్నే లేచి వాడికి గుడ్లు వేయించి పెట్టాలా?"

"గుడ్లు వేయించేది నేను. నువ్వు వద్దంటూనే ఉండు, ఎవరాపారు?"

గోర్డన్ నవ్వి నవ్వి బీరు ఒలకబోసుకున్నాడు.

సెమిసి వచ్చిన రోజు మా తలుపులోంచి పక్కకి తిరిగి లోపలికి రావలసి వచ్చింది. అంత మనిషికి అంత మెల్లని గొంతు ఉంటుందనుకోలేదు. ఆ రోజు టాటీ పాట్ వండాను. మటన్, ఆలుగడ్డలు, పైన నల్ల సాసేజీ, చలికాలంలో మా ఇంట అదే విందు. వడ్డించగానే మా ఆయన ఫోర్కు ఎత్తాడు. సెమిసి తల వంచి కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. ఫోర్కు గాల్లోనే ఉండిపోయింది. ఆవిరి తగ్గిపోతున్నా ప్రార్థన మాత్రం ముగియలేదు.

"ఎంతసేపయ్యా? చల్లారిపోతోంది," అన్నాడు మా ఆయన చివరికి.

"మా ఇంట్లో ఇంకా ఎక్కువసేపు సార్. మా నాన్నయితే ఊళ్ళో అందరి పేర్లూ చదువుతాడు."

"ఇవాళ నువ్వెవరెవరి పేర్లు చదివావు?" అని నేనడిగాను.

"మా ఆవిడ మెలె, మా పాప లోసె, మీరు, ఇంకా సార్."

"నా పేరెందుకు మధ్యలో?"

"నన్ను కొనొద్దని చెప్పింది మీరేనట కదా సార్. ముందే దేవుడి చెవిన వేసి ఉంచాను."

నేను నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాను. మా ఆయన ఇంకో గరిటె వడ్డించుకున్నాడు.

మార్చిలో వానల్లో మైదానం బురదగుంట అయింది. ఆ బురదలో సెమిసి బంతి పట్టుకుని నడిస్తే ఇద్దరు ముగ్గురు వేలాడుతూ వెంట వచ్చేవాళ్ళు. మొదటి మ్యాచ్ అయ్యాక మా ఆయన "పరవాలేదు" అన్నాడు. మా పెళ్ళినాడు నన్ను చూసి కూడా ఆ మాటే అన్నాడు, అంతకు మించిన మెప్పు ఆయన దగ్గర లేదు. ఏప్రిల్‌కల్లా మా వంటింటి బల్ల మీద ఉప్పు డబ్బా, మిరియాల డబ్బా, ఆవాల పచ్చడి సీసా ఆటగాళ్ళయిపోయాయి. ఇద్దరూ వాటిని జరుపుతూ గంటలు గంటలు గడిపేవాళ్ళు.

"ఎడమ భుజం ముందు పెడుతున్నావు. అది తప్పు," అనేవాడు మా ఆయన.

"కుడి భుజం ఒకసారి విరిగింది సార్."

"విరిగితే? అతికిందిగా?"

"అతికింది. కానీ దానికింకా గుర్తుంది."

కూతురు పుట్టనందుకు నేను బాధపడ్డాను గాని, కొడుకు ఆటలాడనందుకు మా ఆయన ఎంత బాధపడ్డాడో నాకు ఆ వసంతంలోనే తెలిసింది. కీన్ రావాలన్న పాట మాత్రం ఆపలేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. కాకపోతే మే నెలకి పాట కొంచెం మారింది. "వీడూ ఉండాలి, వాడూ రావాలి," అనడం మొదలుపెట్టాడు. చందా ఒక్కరికే సరిపోతుందని గోర్డన్ గుర్తుచేస్తే విసుక్కునేవాడు.

పొద్దున్నే ఫలహారం వేళ సెమిసి ఫోను పంచదార డబ్బాకి ఆనించి ఇంటికి మాట్లాడేవాడు. వాళ్ళకి అప్పుడు రాత్రి. అయిదేళ్ళ లోసె ఊడిన పన్ను చూపించేది, చెప్పులు చూపించేది, పెరట్లో పంది పిల్లని ఎత్తి చూపించేది. ఒక రోజు ఫోను పెట్టేశాక సెమిసి గుడ్లు ముట్టుకోకుండా కూర్చున్నాడు.

"ఏమైంది బాబూ?" అన్నాను.

"పాప నన్ను 'ఫోన్ నాన్న' అంటోందమ్మా. అది పుట్టాక నేను దాని దగ్గర ఉన్నది అన్నీ కలిపి ఏడు నెలలు. ఏడాదికో ఊరు, ఏడాదికో దేశం. ఒక్క సీజన్ కాగితం చేతిలో పెట్టుకుని వాళ్ళని ఇంత దూరం ఎలా లాక్కొస్తాను?"

"మరి?"

"ఈసారి రెండేళ్ళు అడిగాను. ఫియరన్ గారు కాదనలేదు. మీటింగులో చేతులు లేవాలన్నారు. లేస్తే మెలెనీ పాపనీ తెచ్చుకుంటాను. లేవకపోతే ఇక ఆట మానేసి వెళ్ళిపోతాను. ఇంకో ఊరు, ఇంకో ఏడాది నా వల్ల కాదు."

వస్తే ఉండడానికి ఇల్లు కావాలిగా. సెమిసి అప్పటికే హార్స్‌బీ అంతా తిరిగాడు. మైదానంలో తన పేరు పెట్టి కేకలేసేవాళ్ళే, ఇల్లడిగితే ఏడాది ఉండి పోయేవాడికి ఇవ్వలేమన్నారు. ఆ మాట విని నాకు ఒళ్ళు మండింది. తిన్నగా మా చెల్లెలు బ్రెండాకి ఫోన్ చేశాను.

బ్రెండా ఉండేది ఎల్టర్‌పోర్ట్‌లో. మాకు తొమ్మిది మైళ్ళు, మా క్లబ్బుకి పుట్టు శత్రువు. దాని మొగుడు డగ్లస్ ఎల్టర్‌పోర్ట్ క్లబ్బు గేటు దగ్గర టిక్కెట్లు చింపుతాడు. పదహారేళ్ళ కిందట మా జట్టు కింది డివిజన్‌కి జారిపోయిన రోజు, మా రంగులు పూసిన అట్టపెట్టె శవపేటికని మా వీధిలోంచే ఊరేగించాడు. అప్పటి నుంచి తోడల్లుళ్ళిద్దరికీ మాటల్లేవు. డగ్లస్ పేరెత్తితే మా ఆయన లేచి కుక్కని షికారుకి తీసుకుపోతాడు. కుక్క పోయాక ఒక్కడే పోతున్నాడు.

"అత్తగారి ఇల్లు ఖాళీగానే ఉందక్కా," అంది బ్రెండా. "గోడలు పాడైపోయాయి. వచ్చి రంగులేసుకుంటే తక్కువ అద్దెకే ఇస్తానంటున్నాడు ఈయన. బావకి తెలిస్తే?"

"తెలియనిస్తే కదా," అన్నాను.

నేను చేసిన తప్పు అదీ. ఆ ఒక్క మాట మింగి, మా ఆయన ముందు నిలబడి చెప్పేసి ఉంటే ఆయన నాలుగు రోజులు గొణిగి ఊరుకునేవాడు. కానీ గొడవెందుకని దాచాను. సెమిసితో కూడా, సార్‌కి చెప్పకు, కాగితం చేతికొచ్చాక నేనే చెప్తాను అన్నాను. ప్రతి బుధవారం ప్రాక్టీసు అయ్యాక మా కారు తీసుకుని అతను ఎల్టర్‌పోర్ట్ వెళ్ళొచ్చేవాడు.

మా కారులో స్టీరింగు పక్కన ఒక చిన్న పుస్తకం వేలాడుతుంటుంది. కారు తీసిన ప్రతిసారీ మీటరు చూసి మైళ్ళు రాయడం మా ఆయనకి బస్సు డిపో నేర్పిన అలవాటు. రొట్టె కొనడానికి వెళ్ళినా రాస్తాడు. ఇన్నేళ్ళుగా చూసీ చూసీ నా కళ్ళకి ఆ పుస్తకం ఆనడం మానేసింది.

జూలై మొదటివారంలో మా ఆయన హఠాత్తుగా మౌనంలో పడ్డాడు. ఉప్పు డబ్బాలు బల్ల మీద కదలడం లేదు. సెమిసి పలకరిస్తే ఊఁ అంటున్నాడు, అంతే. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. గురువారం పొద్దున్న సెమిసి క్లబ్బు నుంచి నడిచొచ్చి, షూస్ విప్పకుండానే వంటింట్లో నిలబడ్డాడు.

"ఫియరన్ గారు పిలిచారమ్మా. నేను ఎల్టర్‌పోర్ట్ క్లబ్బుకి అమ్ముడుపోయానని ఊరంతా అంటోందట. నిజమా అని అడిగారు. కాదన్నాను. నమ్మారు గాని, జనం చేతులెత్తకపోతే నేనేం చేయలేను అన్నారు."

"ఎవరన్నారా మాట?"

ఫోను నా చేతిలో పెట్టాడు. మా అభిమానుల పేజీ అది. మా ఊళ్ళో తిరిగే ప్రతి పుకారూ మొదట పుట్టేది అందులోనే. 'పాత గోల్‌పోస్ట్' అనే పేరుతో ఒకడు రాశాడు: "ఇంట్లోవాళ్ళ ద్వారా తెలిసిన సంగతి. మన టోంగా ప్రాప్ ప్రతి బుధవారం ఎల్టర్‌పోర్ట్ వెళ్తున్నాడు. వాళ్ళ క్లబ్బు మనిషితో చేతులు కలుపుతూ కనిపించాడు. ఇల్లు కూడా చూసుకున్నాడు. ఇంకా చెప్పాలా?" దాని కింద వందకి పైగా వ్యాఖ్యలు. గోరంత కొండంతయింది. మూడేళ్ళ కాగితం సంతకమైపోయిందని ఒకడు, కారు కూడా ఇచ్చారని ఇంకొకడు. ఆ కారు మాదే. ఎద్దు పోతే పోయింది, కీన్‌ని తెచ్చుకుందాం అని అందరి కంటే పైన గోర్డన్.

నాకు పాత గోల్‌పోస్ట్ ఎవరో తెలుసు. పద్నాలుగేళ్ళుగా ఆ పేరుతో రాసేవాడి పక్కనే పడుకుంటున్నాను.

శనివారం పొద్దున్న, సెమిసి ప్రాక్టీసుకి వెళ్ళాక, మా ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"ఎందుకు రాశావు?"

"ఉన్నదే రాశాను. ప్రతి బుధవారం పద్దెనిమిది మైళ్ళు. పోను తొమ్మిది, రాను తొమ్మిది. ఆరు వారాలు. గోర్డన్ మనవరాలు కళ్ళారా చూసింది, వాడూ ఆ డగ్లస్‌గాడూ ఒకే ఇంట్లోంచి రావడం." ఉప్పు డబ్బాని అవతలికి నెట్టాడు. "మనింట్లో తిని, తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నాడు లినెట్. నేను వాడికి భుజం ఎలా పెట్టాలో నేర్పాను."

కోపం అనుకున్నాను గాని కాదు. ఆయన మనసు నొచ్చుకుంది. నాకు జాలేసింది. నా మీద నాకు అసహ్యం కూడా వేసింది.

"కారెక్కు," అన్నాను.

"ఎక్కడికి?"

"తొమ్మిది మైళ్ళు."

దారంతా సముద్రం వైపే చూస్తూ కూర్చున్నాడు. బ్రెండా వాళ్ళ వీధి మలుపు తిరగగానే, "నేను దిగను," అన్నాడు. దిగొద్దులే, అద్దంలోంచి చూడు అన్నాను. ఒక నిమిషం ఆగి తనే దిగాడు.

తలుపు తీసే ఉంది. కింద గదులు అప్పటికే తెల్లగా తయారయ్యాయి. మేడ మీద చిన్న గదిలో డగ్లస్ నిచ్చెన ఎక్కి గోడకి రంగు వేస్తున్నాడు. ఆకుపచ్చ గోడ, కిటికీ కింద నల్ల పట్టీ. మా హార్స్‌బీ రంగులు. మూలన చిన్న మంచం, దాని మీద విప్పని కొత్త దుప్పటి.

డగ్లస్ కిందికి చూశాడు. పదహారేళ్ళలో జుట్టంతా పోయింది పాపం.

"వచ్చావా," అన్నాడు. "రా. మీవాడి మూలంగా ఈ దరిద్రపు రంగు నా చేతికంటింది."

"ఎవరు వేయమన్నారు?"

"వాడే. చిన్నపిల్ల గది కదా అని గులాబీ రంగు డబ్బా తెచ్చాను. ఒప్పుకోలేదు. నాన్న ఏ రంగులకి ఆడుతున్నాడో పాప లేస్తూనే చూడాలట. ఇంకా కాగితమే రాలేదురా అంటే వినడు. మా అమ్మ చూస్తే సమాధిలోంచి లేచొస్తుంది."

మా ఆయన గోడ వంకే చూస్తున్నాడు. కిటికీ దగ్గరకెళ్ళి వంగి నల్ల పట్టీని వేలితో చూపించాడు.

"అంచు వంకర పోయింది."

"అయితే నువ్వేసుకో."

మా ఆయన కోటు విప్పి నాకిచ్చి, కుంచె అందుకున్నాడు. ఆ మధ్యాహ్నం దాకా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఒకే గోడకి రంగు వేశారు. కింద బ్రెండా టీ పెడుతూ ఏడ్చింది. నేను మాత్రం ఏడవలేదు, నాకింకా పనుంది.

ఇంటికొచ్చాక మా ఆయనకి అంతా చెప్పాను, నేను దాచిన సంగతితో సహా. "నా మీద కూడా కేకలెయ్యి, నా తప్పే సగం," అన్నాను. అరవలేదు. కారులోంచి ఆ పుస్తకం తెచ్చి బల్ల సొరుగులో పడేశాడు. సాయంత్రం సెమిసి భోజనానికి కూర్చోగానే మొదలుపెట్టాడు.

"ఆ రాత రాసింది నేనే."

"తెలుసు సార్."

"ఎలా తెలుసు?"

"వారం నుంచి మీరు నాతో వాదించడం లేదు."

మా ఆయన కంచం పక్కకి జరిపాడు. "తప్పు చేశానయ్యా," అన్నాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆ మాట నేను మొదటిసారి విన్నాను. సెమిసి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చేతి కింద ఆయన భుజం పూర్తిగా కనిపించకుండా పోయింది.

కానీ ఇంట్లో ఒప్పుకుంటే సరిపోదు కదా. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేం. అప్పటికి ఊరు ఊరంతా కీన్ వైపు తిరిగింది. ఆ కుర్రాడు కూడా రెండేళ్ళ కాగితానికి సిద్ధమని కబురంపాడు. ఫిబ్రవరి నుంచి మా ఆయన కలలుగన్న మనిషి చివరికి చేతికందుతున్నాడు.

జూలై ఆఖరి ఆదివారం బార్‌లో కాలు పెట్టడానికి చోటు లేదు. ఆటగాళ్ళు మీటింగులోకి రాకూడదు. సెమిసి ఒక్కడే బయట ఖాళీ గ్యాలరీలో కూర్చున్నాడు. ఫియరన్ రెండు పేర్లూ చదివి కూర్చోగానే గోర్డన్ లేచాడు.

"ఇందులో ఆలోచించడానికేముంది? ఒకడికి ఇరవై మూడు, ఇంకొకడికి ముప్ఫై ఒకటి. ముసలి మేకని ఎంతసేపు ఉడికించినా మెత్తబడదు. ముప్ఫై ఒకటికి రెండేళ్ళ కాగితం ఇస్తే రెండో ఏడు కుర్చీ వేసి ఆడిస్తామా?"

"పైగా పక్కూరి మనిషి," అన్నారెవరో వెనక నుంచి.

చప్పట్లు పడ్డాయి. మా ఆయన లేచాడు. నేను నా బ్యాగు గట్టిగా పట్టుకున్నాను.

"నాకు కీన్ కావాలి," అన్నాడు. "ఫిబ్రవరి నుంచి మీ చెవుల్లో జోరీగలా పోరింది నేనే. ఇప్పటికీ కావాలి. కానీ అంతకుముందు ఒక మాట. మన పేజీలో పాత గోల్‌పోస్ట్ అని ఒకడు రాశాడు. ఆ పాత గోల్‌పోస్ట్ నేనే."

"పద్నాలుగేళ్ళుగా అందరికీ తెలుసులే. కూర్చో," అన్నాడు ఒకడు. అందరూ నవ్వారు.

"తెలియని సంగతి చెప్తున్నా. అది తప్పు. నేను మైళ్ళు లెక్కపెట్టాను గాని మనిషిని అడగలేదు. నా ఎదురుగా కూర్చుని రోజూ భోంచేస్తున్నాడు. అడిగితే చెప్పేవాడు. వాడు వెళ్ళింది క్లబ్బు కోసం కాదు, పెళ్ళాం బిడ్డలకి ఇంటి కోసం."

"ఇల్లయితే ఎల్టర్‌పోర్ట్‌లో ఎందుకు?" అన్నాడు గోర్డన్. "మనూళ్ళో ఇళ్ళు లేవా?"

"నీ కొట్టు మీద రెండు గదులు ఖాళీగా ఉన్నాయి కదా గోర్డన్. మే నెలలో వాడొచ్చి అడిగితే ఏమన్నావు?"

గోర్డన్ గ్లాసు వైపు చూశాడు. "ఏడాదికైతే ఇవ్వనన్నాను."

"అదీ. ఏడాది మనిషని ఇల్లివ్వం. ఇల్లు లేక పక్కూరికి పోతే ద్రోహి అంటాం. ఈ గదిలో ఇంకెంతమంది అన్నారో ఆ మాట, నేను పేర్లు అడగను." ఎవరూ నవ్వలేదు. "వాడి మోకాలి సంగతి మీకన్నా నాకే బాగా తెలుసు. రోజూ పొద్దున్న మా మెట్లు దిగుతుంటే చప్పుడు వింటాను. రెండో ఏడు మొదటి ఏడంత బాగుంటుందని నేను రాసివ్వను. అయినా వాడికే రెండేళ్ళు ఇద్దామంటున్నా. నా చెయ్యి వాడికి."

కూర్చున్నాక నా వైపు చూడలేదు. నేను ఆయన మోకాలి మీద చెయ్యి వేసి అలాగే ఉంచాను.

చేతులు రెండుసార్లు లెక్కపెట్టారు. తొమ్మిది చేతుల తేడాతో సెమిసి నెగ్గాడు. గోర్డన్ చెయ్యి కీన్‌కే లేచింది. లేచిన చెయ్యి దించి, అదే చేత్తో వెళ్ళి మా ఆయనకి బీరు తెచ్చిచ్చాడు. "ఆ రెండో ఏడు కుర్చీ నువ్వే మోయాలి," అన్నాడు.

నేను బయటికి పరిగెత్తాను. సెమిసి మైదానం వైపు తిరిగి కూర్చున్నాడు. అడుగుల చప్పుడు విని కూడా వెనక్కి తిరగలేదు.

"ఎన్నమ్మా?" అన్నాడు.

"రెండు."

ఆ పెద్ద మనిషి మొహం చేతుల్లో దాచుకున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. ఆ సీజన్ మేము పై డివిజన్‌కి వెళ్ళలేదు. ఎనిమిదో స్థానంలో ఆగిపోయాం. అయినా అంత మంచి సీజన్ నాకు ఇంకోటి గుర్తులేదు.

అక్టోబరు మొదటివారంలో మెలె, లోసె రైల్లో వచ్చారు. నేనూ మా ఆయనా, బ్రెండా, డగ్లస్, నలుగురం ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాం. గాలి విపరీతంగా ఉంది. మా మగవాళ్ళిద్దరూ రైలు ఎంత ఆలస్యమో వాదించుకుంటున్నారు. సెమిసి మాత్రం చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఉన్నాడు.

రైలు దిగగానే మెలె అతని గుండె మీద తల ఆనించి నిలబడింది. లోసె తల్లి స్కర్టు వెనక దాక్కుంది. ఫోనులో పళ్ళన్నీ చూపించిన పిల్ల, నిజం నాన్నని చూసి భయపడింది. సెమిసి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కూర్చున్నా దానికంటే ఎత్తుగానే ఉన్నాడు. చెయ్యి చాపలేదు, పిలవలేదు, అలా కూర్చున్నాడంతే. కాసేపటికి పాప స్కర్టు చాటు నుంచే వాళ్ళ భాషలో ఏదో అడిగింది.

"ఏమంటోంది?" అని మా ఆయన అడిగాడు.

"ఎన్నాళ్ళుంటావని అడుగుతోంది సార్."

"రెండేళ్ళని చెప్పు," అన్నాడు మా ఆయన. "ఆ తర్వాత సంగతి మేం మాట్లాడతామని చెప్పు."

సెమిసి చెప్పాడు. పాప మా ఆయన వంక ఒకసారి, వాళ్ళ నాన్న వంక ఒకసారి చూసి, తల్లి స్కర్టు వదిలింది.